ప్లగిన్‌లను ఎక్కించడం, దించడం

అప్లికేషన్ జోలికి పోకుండా దానికి కొత్త పని చేర్చే చిన్న ప్రోగ్రామే ప్లగిన్. 1987లో యాపిల్ తెచ్చిన హైపర్‌కార్డ్ బయటివాళ్లు రాసిన కమాండ్లను చేర్చుకోనిచ్చింది. 1990లో వచ్చిన ఫొటోషాప్ తొలి వెర్షన్‌లోనే ప్లగిన్‌లకు చోటుంది.

ఎక్కించడం తేలికే. విండోస్‌లో లోడ్‌లైబ్రరీని, యూనిక్స్ కుటుంబంలో డీఎల్‌ఓపెన్‌ను పిలిస్తే ప్లగిన్ కోడ్ అప్లికేషన్ మెమరీలోకి వచ్చేస్తుంది. చిక్కంతా దించేటప్పుడే. ప్లగిన్ మొదలుపెట్టిన థ్రెడ్ ఇంకా నడుస్తూ ఉండవచ్చు. ప్లగిన్ మెనూలో పెట్టిన బటన్, టైమర్‌కు అప్పగించిన ఫంక్షన్ చిరునామా అప్లికేషన్ దగ్గరే మిగిలిపోవచ్చు. కోడ్ తీసేశాక ఎవరైనా ఆ చిరునామాకు వెళ్తే ప్రోగ్రాం మొత్తం కుప్పకూలి, సేవ్ చేయని పని పోతుంది. అందుకే ముందు కొత్త పిలుపులు ఆపాలి, బటన్లూ టైమర్లూ తీసేయాలి, థ్రెడ్లు ముగిసేదాకా ఆగాలి, ప్లగిన్ తీసుకున్న మెమరీని దాని చేతే వదిలించాలి. లైబ్రరీని వదిలేయడం ఆఖరి మెట్టు. మైక్రోసాఫ్ట్ కామ్ పద్ధతిలోనైతే, దించవచ్చా అని ప్లగిన్ ఉన్న లైబ్రరీనే (డీఎల్ఎల్‌నే) అడుగుతారు. లైనక్స్‌లో వాడే మజల్ లైబ్రరీది ఇంకా జాగ్రత్త: దించమంటూ డీఎల్‌క్లోజ్‌ను పిలిచినా కోడ్‌ను మెమరీలోంచి తీయదు.

ప్లగిన్ అప్లికేషన్ మెమరీలోనే నడవడం వల్ల వచ్చే ఈ బాధ జనం కళ్లకు కట్టింది బ్రౌజర్లలో. నెట్‌స్కేప్ 2.0తో మొదలైన ఎన్‌పీఏపీఐ ప్లగిన్‌లు బ్రౌజర్ ప్రాసెస్‌లోనే నడిచేవి. వాటిలో ఒకటైన ఫ్లాష్ కూలితే తెరిచిన పేజీలన్నీ పోయేవి. 2008లో క్రోమ్, 2010లో ఫైర్‌ఫాక్స్ 3.6.4 వాటిని వేరే ప్రాసెస్‌కు మార్చాయి. ఇక దించడమంటే ఆ ప్రాసెస్‌ను ఆపేయడమే. మిగిలిన మెమరీని ఆపరేటింగ్ సిస్టమే వెనక్కి తీసుకుంటుంది. ఇది నమ్మదగిన దారి. కాకపోతే ప్రాసెస్‌ల మధ్య ప్రతి మాటకూ కొంత సమయం పడుతుంది. సెకనులో వెయ్యో వంతు కూడా లెక్కకొచ్చే సంగీత సాఫ్ట్‌వేర్‌లో, 1996లో స్టైన్‌బర్గ్ తెచ్చిన వీఎస్‌టీ ప్లగిన్‌లు చాలాచోట్ల ఇప్పటికీ అప్లికేషన్ లోపలే నడుస్తాయి.

చెత్త మెమరీని తానే ఏరివేసే భాషల్లో చిక్కు రూపం మారింది. అలాంటి భాషలను నడిపే మైక్రోసాఫ్ట్ వేదిక, 2019లో వచ్చిన డాట్‌నెట్ కోర్ 3.0లో అన్‌లోడ్ పిలుపు పనిని మొదలుపెడుతుందంతే. ప్లగిన్ వస్తువును ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతకాలం అది దిగదు. 2020.1 వెర్షన్ నుంచి కోడ్ ఎడిటర్ ఇంటెల్లిజే ఐడియా తగిన ప్లగిన్‌లను రీస్టార్ట్ లేకుండా మారుస్తోంది. పూర్తిగా దిగకపోతే మాత్రం రీస్టార్ట్ చేయమని అడుగుతుంది.