దేశ సంపదకు కొలబద్ద

రైతు తన పాతరలోని ధాన్యమంతయు తీసి అమ్మినచో ఆ యేడు చేతినిండ డబ్బుండును. కాని దానిని పంట యనవచ్చునా? దేశములకును ఈ ప్రశ్న వర్తించును. గనులు త్రవ్వి అమ్మిన సొమ్ము జాతీయాదాయములో చేరును. భూగర్భమున తరిగిన నిలువను మాత్రము ఆ లెక్కలో తీసివేయరు.

ఈ చిక్కును ముందుగా గుర్తించినవారిలో ఆంగ్ల ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ ఒకడు. గనులు లోతైనకొలది బొగ్గు ప్రియమగుననియు, బ్రిటన్ అభివృద్ధి అదే వేగమున సాగజాలదనియు అతడు 1865లో వాదించెను. బొగ్గు చౌకగా నున్నపుడే జాతీయ ఋణమును తగ్గించి, రాబోవు తరములకు మేలు చేయవలెననెను. బ్రిటన్ బొగ్గు ఉత్పత్తి 1913లో సుమారు 29 కోట్ల టన్నులకు చేరి, పిమ్మట క్షీణించెను. 2015 డిసెంబరులో చివరి పెద్ద భూగర్భ గని మూతపడెను. అయినను ఆ దేశము దరిద్రము కాలేదు. బొగ్గు పోయినను, దాని బలముతో నిర్మించిన యంత్రములు, రైలుమార్గములు, పెంపొందిన విద్య మిగిలినవి.

తరిగిపోవు వనరుల మిగులు ఆదాయమును మూలధనముగా మార్చినచో వినియోగము తరతరములకు తగ్గకుండునని 1977లో జాన్ హార్ట్‌విక్ నిరూపించెను. యంత్రములు వనరులకు బదులుగా పనిచేయగలవను షరతు ఇందులో కలదు. 1993లో డేవిడ్ పియర్స్, జైల్స్ అట్కిన్సన్ ఈ భావమును కొలతగా మలచిరి. దీనికి 'నిజమైన పొదుపు' అని పేరు. దేశపు మొత్తము పొదుపునుండి యంత్రాదుల తరుగుదలను, ప్రకృతి వనరుల తరుగుదలను తీసివేసి, విద్యావ్యయమును కలుపుదురు. కాలుష్య నష్టమును కూడ తీసివేయుట కలదు. ఒక ఊహాదేశమున పొదుపు 20, యంత్రముల తరుగు 10, గనుల తరుగు 14, విద్యావ్యయము 3 పాళ్ళనుకొందము. ఫలితము ఋణ 1. పైకి పొదుపుచేయుచున్నట్లు కన్పించినను ఆ దేశము పాతరను తినుచున్నదన్నమాట.

1760 నుండి 2000 వరకు గల బ్రిటిషు లెక్కలతో ఈ కొలతను పరీక్షించిన పరిశోధన 2014లో వెలువడెను. నిజమైన పొదుపునకును తరువాతి కాలపు జీవనస్థాయికిని సంబంధము కన్పించెను. సాంకేతిక ప్రగతిని కూడ లెక్కించినపుడు అది మరింత స్పష్టమయ్యెను.

ఇందుకు భిన్నమైన చరిత్ర పసిఫిక్ సముద్రమందలి నౌరూది. 21 చదరపు కిలోమీటర్ల ఈ ద్వీపము 1968లో స్వతంత్రమయ్యెను. ఫాస్ఫేటు అమ్మకముతో 1970 ప్రాంతమున తలసరి ఆదాయమున అగ్రదేశముల సరసన నిలిచెను. ఆ సొమ్ముతో పెట్టిన పెట్టుబడులు చాలవరకు నష్టపోగా, 2004లో మెల్బోర్నులోని 52 అంతస్తుల భవనమును సైతము అమ్ముకొనెను. ద్వీపమున అధికభాగము మొనదేలిన సున్నపురాళ్ళ బీడై మిగిలెను.

ఆ పెట్టుబడులు నిలిచియున్నచో కొలబద్ద నౌరూను సంపన్నదేశముగానే చూపెడిది. కాని ధనమెంత యున్నను పోయిన నేల తిరిగిరాదు. వనరునకు బదులు మరియొకటి దొరకునంతవరకే ఈ లెక్క నమ్మదగినది.