కంచె చేను మేసిన కథ

అగ్నికి పావకుడని పేరు, సర్వభక్షకుడనియు పేరు. పొయ్యిలో అన్నము వండిపెట్టు నిప్పే అదుపు తప్పినచో ఊరిని బూడిద చేయును. కావుననే మంటలనార్పు వారిని ప్రతి సమాజమును గౌరవించును. అట్టి గౌరవమునకు పాత్రుడైనవాడే చాటుగా నిప్పు పెట్టుచు తిరిగినచో వానిని పట్టుకొనుట యెట్లు? అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగిన జాన్ ఓర్ వృత్తాంతము ఈ ప్రశ్ననే మన ముందుంచుచున్నది.

ఓర్ యౌవనమున లాస్ ఏంజిలిస్ నగరపు పోలీసు కొలువును కోరెను, అది లభింపలేదు. 1974లో గ్లెండేల్ పట్టణపు అగ్నిమాపక దళమున చేరి, క్రమముగా దహననేర పరిశోధకుడై, కెప్టెను పదవినందెను. మంట పుట్టినచోటును ఇతరులకంటె ముందుగా కనిపెట్టునను ఖ్యాతి గడించెను.

1984 అక్టోబరు 10వ తేదీ రాత్రి, సౌత్ పాసడీనాలో గృహసామగ్రి విక్రయించు పెద్ద దుకాణమొకటి తగులబడెను. నలుగురు మరణించిరి, వారిలో రెండేండ్ల పసివాడును, వాని అవ్వయు నుండిరి. అధికారులు దానిని ప్రమాదమని తేల్చిరి. కాదు, ఎవరో కావలెనని పెట్టిన మంటయే యని పట్టుబట్టినవాడు ఓర్!

1987 జనవరిలో ఫ్రెస్నో నగరమున దహననేర పరిశోధకుల సభ జరిగెను. ఆ దినములలోనే ఆ నగరమునందును, ట్యులేరీ, బేకర్స్‌ఫీల్డ్ పట్టణములందును దుకాణములు వరుసగా అంటుకొనెను. బేకర్స్‌ఫీల్డ్‌లో పూర్తిగా కాలని సాధనమొకటి దొరకెను. సిగరెట్టు, దానికి రబ్బరు బ్యాండుతో కట్టిన మూడు అగ్గిపుల్లలు, చుట్టును పసుపుపచ్చని గీతల కాగితము! సిగరెట్టు కాలి అగ్గిపుల్లలను చేరులోపల, పెట్టినవాడు దుకాణము దాటిపోవును. ఆ కాగితముపై ఒక వ్రేలిముద్ర నిలిచియుండెను.

అచ్చటి దళాధికారి మార్విన్ కేసీ, నేరస్థుడు సభకు వచ్చినవారిలోనే కలడని శంకించెను. తోటివారు ఆ మాటను ఆదరింపలేదు. 1989 మార్చిలో పసిఫిక్ గ్రోవ్‌లో మరియొక సభ జరుగగా, ఆ దారిపొడవునను మరల మంటలు లేచెను. రెండు సభలకును వెళ్లిన పదిమంది పేర్లను కేసీ ఏర్చి యిచ్చెను. ఓర్ వారిలో నొకడే. అయినను, ముద్రలను పరిశీలించినవారు పోలికను గుర్తింపలేకపోయిరి. ఆ పొరపాటునకు మూల్యముగా మరి రెండేండ్లు దుకాణములు కాలెను. తుదకు 1991 ఏప్రిలులో, పూర్వము పోలీసు కొలువునకై దరఖాస్తు చేసినప్పుడు ఓర్ ఇచ్చిన ముద్రతో ఆ పాత ముద్ర సరిపోయెను. తనకు దక్కని కొలువే తనను పట్టియిచ్చినది!

ఆ యేడు డిసెంబరులో నతనిని బంధించిరి. అతడు వ్రాసిన నవల యొకటి బయటపడెను. అందలి దహనకారుడు అగ్నిమాపక దళమువాడే. దుకాణపు మంటలో అవ్వయు మనుమడును మరణించు ఘట్టమును అందు కలదు. 1992లో ముప్పదియేండ్ల శిక్షయు, 1998లో నాలుగు హత్యలకు యావజ్జీవ కారాగారమును విధింపబడెను. తాను నిర్దోషిననియే అతడు వాదించుచు వచ్చెను.

నిప్పు పెట్టువారిలో పగచే పెట్టువారు కొందరు, బీమా ధనమునకై పెట్టువారు కొందరు, వేరొక నేరమును కప్పిపుచ్చుటకు పెట్టువారు మరికొందరు. ఓర్‌కు ఈ కారణము లేవియు కానరావు. దుకాణదారులు అతనికి శత్రువులు కారు. ఆ మంటలవలన అతనికి ధనలాభమును లేదు. మంటను చూచి పొందు ఉద్రేకము, పరులు భయపడుచుండగా సర్వము తన చేతిలోనే యున్నదను గర్వము, తాను పెట్టినదానిని తానే కనిపెట్టి మెప్పు పొందవలెనను ఆశ, ఇవియే అతనిని నడిపించినట్లు తోచును. ఇట్టివానికి ఒక మంటతో తృప్తి తీరదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనవారందురు. కాని ఈ దొంగను పట్టినది కూడ ఇంటివాడే. తనవారిని శంకించుటకు సిగ్గుపడక, కాలిన కాగితపు ముక్కను పారవేయక భద్రపరచిన ఒక అధికారి పట్టుదలయే సత్యమును నిలిపెను. తనవాడను మమకారముచే కన్నులు మూసికొనుట ఏ సంఘమునకైనను క్షేమము కాదు. కంచెను నమ్మవలసినదే, అప్పుడప్పుడు చేనివంక చూచుటయు మరువరాదు.