గుంటూరు సర్కారు – ఆంగ్లేయ, ఫ్రెంచి వైరం (1753–1788)

తెలుగునాట ఆంగ్లేయ, ఫ్రెంచి వైరాన్ని గూర్చిన చర్చ సాధారణంగా 1758 డిసెంబరు నాటి చందుర్తి యుద్ధంతో మొదలై, 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు బందరు కోటను పట్టుకోవడంతో ముగుస్తుంది. కృష్ణకు ఉత్తరాన ఉన్న సర్కారులకు ఈ ముగింపు సరిపోతుంది. దక్షిణాన ఉన్న కొండవీటి సీమకు సరిపోదు. సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతాలు చేరిన గుంటూరు సర్కారు కుంపిణీకి స్థిరంగా దక్కింది 1788లో. ఆలోగా ఈ చిన్న సర్కారే మరొక యుద్ధానికి ఒక కారణమైంది.

1753లో సలాబత్ జంగ్ బుస్సీ సైన్యపు ఖర్చుల నిమిత్తం ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివారికిచ్చాడు. కొండవీడు అంతకుముందే వారి వశమైంది. బందరు పతనం తరువాత, 1759 మే నెలలో, అదే సలాబత్ జంగ్ ఫ్రెంచివారిని దక్కనులో ఉండనివ్వనని ఆంగ్లేయులకు ఒప్పందం రాసిచ్చాడు. 1766లో నిజాం అలీ తక్కిన సర్కారులను వదులుకున్నా, గుంటూరును మాత్రం సోదరుడు బసాలత్ జంగ్‌కు జీవితకాలపు జాగీరుగా నిలిపాడు.

చిక్కంతా ఈ మినహాయింపులోనే ఉంది. ఆదోనిలో ఉండే బసాలత్ జంగ్ ఫ్రెంచి దళాన్ని కొలువులో ఉంచుకున్నాడు. ఆ దళానికి మనుషులు, సామగ్రి గుంటూరు సర్కారులోని మోటుపల్లి రేవు గుండా చేరేవి. అంటే బందరులో ఓడిన ఫ్రెంచివారికి పొరుగు తీరంలో తలుపు తెరిచే ఉంది. అమెరికా యుద్ధం కారణంగా 1778లో ఇరుపక్షాల నడుమ తిరిగి పోరు మొదలై, పుదుచ్చేరి ఆంగ్లేయుల పాలైనాక మద్రాసు ప్రభుత్వానికి ఈ తలుపు సహించరానిదైంది. 1779లో గవర్నరు రంబోల్డు బసాలత్ జంగ్‌తో నేరుగా బేరం కుదుర్చుకున్నాడు. ఫ్రెంచి దళాన్ని తొలగించాలి, సర్కారును కుంపిణీకి కౌలుకివ్వాలి. బదులుగా కుంపిణీ సైన్యం ఆదోనికి కాపలా కాస్తుంది. ఆపై మద్రాసు ప్రభుత్వం ఆ సర్కారును ఆర్కాటు నవాబు మహమ్మదలీకి పదేళ్ల కౌలుకిచ్చింది. రైతును, జమీందారును అడిగినవారు లేరు.

ఈ బేరం ఇద్దరు శత్రువులను ఒక్కటి చేసింది. తనను దాటి తన సోదరునితో ఒప్పందం జరగడం నిజాం అలీకి అవమానమైంది. పైగా ఉత్తర సర్కారుల పేష్కషును మాఫీ చేయమని మద్రాసు అతణ్ణే కోరింది! తొలగించిన ఫ్రెంచి సైనికులను అతడు తన కొలువులో చేర్చుకున్నాడు. అప్పటికే మాహె కోల్పోవడంతో కోపించి ఉన్న హైదరలీ, తన అనుమతి లేకుండా కడప సీమ గుండా ఆదోనికి సాగిన హార్పరు దళాన్ని అడ్డగించాడు. 1780 జూలైలో అతని సైన్యం కర్ణాటకం మీద విరుచుకుపడింది. యుద్ధానికి మాహె ఒక్కటే కారణమన్న వాదన ఈ క్రమాన్ని విస్మరిస్తుంది. నిజామును మైసూరు వైపు నెట్టింది గుంటూరే. బెంగాలు ప్రభుత్వం ఈ సంగతిని గ్రహించే 1780లో సర్కారును బసాలత్ జంగ్‌కు తిరిగి ఇప్పించింది.

నేటి పల్నాడు జిల్లా హద్దులతో ఆనాటి పరిస్థితిని చదవకూడదు. గురజాల, మాచర్ల వైపు పల్నాడు ఈ సర్కారులోనిది కాదు. అది ఆర్కాటు నవాబుది, 1801లో గాని కుంపిణీకి రాలేదు. సత్తెనపల్లి మాత్రం హైదరాబాదు, మద్రాసుల నడుమ చేతులు మారుతూ వచ్చింది. 1782లో బసాలత్ జంగ్ మరణించినా నిజాం సర్కారును వదలలేదు. 1788లో కార్న్‌వాలిస్ కెన్నవేను హైదరాబాదుకు పంపి దానిని రాబట్టాడు. దానికి బదులుగా 1789లో నిజాముకు రాసిన లేఖలో, కుంపిణీ సైన్యాన్ని ఎవరి మీద ప్రయోగించరాదో తెలిపే మిత్రుల పట్టికలో టిప్పు సుల్తాను పేరు లేదు. టిప్పు ఆ లోపాన్ని గమనించాడు.