టీకే పాఠ్య విడ్జెట్‌లో ట్యాగులు: చారిత్రక పరిశీలన

కంప్యూటర్ రంగంలో ‘ట్యాగు’ అనే మాటకు రెండు వేర్వేరు అర్థాలున్నాయి. ఈ తేడా ఎలా వచ్చిందో చరిత్ర ద్వారా తెలుసుకుందాం.

మొదటి అర్థంలో ట్యాగు అంటే పాఠ్యం మధ్యలోనే రాసే గుర్తు. 1986లో అంతర్జాతీయ ప్రమాణంగా ఆమోదం పొందిన ఎస్‌జీఎంఎల్‌దీ, ఆ తరువాత వచ్చిన హెచ్‌టీఎంఎల్‌దీ ఈ పద్ధతే. ఇందులో ఒక గుర్తు మరొకదానిలో పూర్తిగా ఇమిడి ఉండాలి. రెండూ అడ్డదిడ్డంగా కలవకూడదు.

రెండవ అర్థం బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. అక్కడ ఆచార్యుడు జాన్ ఔస్టర్‌హౌట్ 1988లో టీసీఎల్ భాషను ప్రారంభించి, దానిపై కిటికీలు, బొత్తాలు నిర్మించే టీకే ఉపకరణాల సముదాయాన్ని తయారుచేశాడు. ఇందులోని పాఠ్య విడ్జెట్‌లో ట్యాగు అంటే ఒక పేరు మాత్రమే. ఏ వరుసలో ఏ అక్షరం నుండి ఏ అక్షరం వరకు ఆ పేరు వర్తిస్తుందో ఒక ఆజ్ఞతో చెబుతాం. ఆ పేరుకు ఏ రంగు, ఏ ఫాంటు ఉండాలో వేరొక ఆజ్ఞతో చెబుతాం. పాఠ్యంలో ఒక్క అక్షరం కూడా అదనంగా చేరదు.

ఈ విభజన వల్ల మూడు ప్రయోజనాలు కలిగాయి. ‘శీర్షిక’ అనే ట్యాగు రంగును ఒకచోట మారిస్తే అన్ని శీర్షికలూ మారతాయి. ఒకే మాటకు పలు ట్యాగులు పెట్టవచ్చు. అవి పాక్షికంగా కలిసినా ఇబ్బంది లేదు, విరుద్ధమైనప్పుడు ప్రాధాన్యక్రమం నిర్ణయిస్తుంది. ట్యాగుకు మౌస్ క్లిక్కును జోడిస్తే ఆ మాటే లింకుగా పనిచేస్తుంది.

ఈ ఆలోచన టీకేతో ఆగలేదు. టీకింటర్ ద్వారా పైథాన్‌కు చేరింది; ఐడిల్ ఎడిటర్‌లో ప్రోగ్రాం పదాలకు రంగులు వచ్చేది ఈ ట్యాగుల వల్లనే. 2002లో విడుదలైన జీటీకే 2.0 పాఠ్య విడ్జెట్‌కూ టీకే విడ్జెట్టే మూలం.

తెలుగు విద్యార్థులు ఒక విషయం గమనించాలి. 1999 నాటి 8.1 వెర్షన్‌తో టీకేకు యూనికోడ్ వచ్చింది. అయితే ఇక్కడ లెక్క యూనికోడ్ సంకేతాలది, మన అక్షరాలది కాదు. ‘స్త్రీ’ మనకు ఒక అక్షరం. యూనికోడ్‌లో 6 సంకేతాలు. ట్యాగు సరిహద్దు వాటి మధ్య పడితే అక్షరం విరిగి కనిపించే ప్రమాదముంది. కాబట్టి సరిహద్దును పూర్తి అక్షరం చివరనే ఉంచాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: హెచ్‌టీఎంఎల్ ట్యాగుకూ టీకే ట్యాగుకూ గల ప్రధాన భేదమేమిటి?