పాతర నుంచి రేషన్ దుకాణం దాకా: రాయలసీమ రాగులు

తూర్పు ఆఫ్రికా ఎత్తు ప్రాంతాలలో తొలిసారి సాగులోకి వచ్చి, వేల ఏళ్ళ కిందటే దక్కన్ నేలకు చేరిన రాగి పంట, ఉత్తరాంధ్రలో చోడి పేరుతో, తెలంగాణలో తైదల పేరుతో వ్యాపించినప్పటికీ, దానిని సంగటి ముద్దగా చేసుకుని పూటపూటా తిన్నది ప్రధానంగా రాయలసీమ. చిత్తూరు ప్రాంతంలోనూ, కర్ణాటకను ఆనుకున్న మడకశిర, హిందూపురం వైపునా చెరువు కింద పొలమున్నవారికే వరి దక్కగా, మిగిలినవారికి అది పండుగనాటి భోజనం. నూకలు కుతకుత ఉడుకుతుండగా రాగి పిండిని నడుమ కుప్పగా పోసి, కాసేపు మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో గెలికి, తడిచేత్తో ముద్దలు చేసి, చెనిక్కాయల, అంటే వేరుశనగల, ఊరిబిండితోనో పులగూరతోనో తినేవారు. మిగిలిన ముద్దను మర్నాడు మజ్జిగలో పిసికి తాగేవారు.

రాగి గింజకు పురుగు పట్టడం అరుదు. అందువల్ల పాతరలో, అంటే నేలలో తవ్విన ధాన్యపు గుంటలో, దానిని ఏళ్ళ తరబడి దాచుకునేవారు. పదహారవ శతాబ్దపు కన్నడ కవి కనకదాసు తన ‘రామధాన్య చరితె’లో వరికీ రాగికీ తగవు పెట్టి, ఆరు నెలల చెర తరువాత కూడా చెడని రాగికే రాముని చేత గెలుపు ఇప్పించి, పేదవాని కూడుకు గౌరవమిచ్చాడు.

తిండి ఎంత అన్నదే కాక ఎలాంటిదన్న ప్రశ్న కూడా పాతదే. 1876-78 నాటి దక్షిణాది కరువులో బ్రిటిష్ ప్రభుత్వం సహాయ పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ కొద్దిపాటి డబ్బుకూ తగ్గించినప్పుడు, మద్రాసు పారిశుధ్య అధికారి కార్నిష్ అది చాలదనీ, ధాన్యం పెంచి పప్పు, కూరగాయలు కూడా చేర్చాలనీ వాదించాడు. ఆహారాన్ని తూకంతోనే కొలిచే అలవాటు మాత్రం ఆ కరువుతో పోలేదు. తూకాన్ని దాటి ఆహారంలోని పోషకాలను లెక్కించే పని తరువాత వచ్చింది: బ్రిటిష్ వైద్యుడు మెకారిసన్ 1918లో కూనూరులో మొదలుపెట్టిన పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి పట్టికల ప్రకారం నూరు గ్రాముల రాగులలో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం, అంటే ఎముకలకు గట్టిదనమిచ్చే సున్నపు ధాతువు ఉండగా, పాలిష్ బియ్యంలో అది పది మిల్లీగ్రాములకు మించదు. రాగిలోని ఫైటేట్ అనే పదార్థం ఈ ధాతువును కొంత పట్టి ఉంచి ఒంటికి అందనీయదు కనుక, గింజలను నానబెట్టి మొలకెత్తించడం, అంబలిని పులియబెట్టడం వంటి పాత పద్ధతులు రుచికే కాక పోషణకూ మేలు చేశాయి.

ఇంత మేలు చేసే రాగికి మాత్రం చోటు తగ్గుతూ వచ్చింది. వేరుశనగ నగదు పంటగా అనంతపురం మెట్టలను ఆక్రమించింది. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం, నిరుపేదల ఆకలి తీర్చిన గొప్ప పథకమే అయినా, సీమ పళ్ళెంలోకి వరిని శాశ్వతంగా తెచ్చి సంగటిని పక్కకు నెట్టింది. వరి అన్నం తినడం మర్యాదకు గుర్తుగా మారడం కూడా ఈ మార్పును వేగిరపరచింది. పెద్దలకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని 2020లో నిపుణులు నిర్ణయించేనాటికి, పాలూ పెరుగూ కొనలేని ఇళ్ళలో దానికి ఆధారమైన ధాన్యమే వంటింట్లో కొరవడింది.

2013 ఆహార భద్రతా చట్టం రాగి వంటి ధాన్యాలను కిలో రూపాయికే ఇవ్వడానికి చోటిచ్చినా, దుకాణాలలో బియ్యమే ప్రధానంగా నిలిచింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులలో రాగి జావ మొదలైంది. అదే ఏడాది కేంద్రం రాగికి క్వింటాలుకు 3,846 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. మద్దతు ధర రైతు చేతికందాలంటే, పంట నూర్పిడి అయ్యేనాటికి కొనుగోలు కేంద్రం ఊరికి దగ్గరలో తెరచి ఉండాలి.