జబ్బ లాగితే మెడ చూడాలి

పశ్చిమ ప్రకాశంలో జబ్బ లాగుతోందనో, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయనో చెప్పుకునే నడివయసు మనిషికి ఎక్కువగా దక్కేది నొప్పి మాత్ర, పూత మందు. చేతి బాధకు చేతిలోనే కారణం వెతకడం సహజం. కానీ చంద్రశేఖరపురం, కనిగిరి, పొదిలి లాంటి ఫ్లోరైడ్ సీమలో ఆ వెతుకులాట మెడ దగ్గర మొదలుకావాలన్నది నా వాదన. భుజాన్ని, జబ్బను, ముంజేతిని ఆడించే నరాల మూలాలు మెడలోనూ ఛాతీ పైభాగంలోనూ వెన్నుపూసల సందుల్లోంచి బయటికొచ్చి, చంకకు పైన అల్లుకుంటాయి. ఫ్లోరైడ్‌తో ఎముక మందమై ఆ సందులు ఇరుకైతే చేతికి ఏ దెబ్బా తగలకుండానే చేయి చచ్చుబడుతుంది.

గారపళ్లకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1931లో అమెరికాలో చర్చిల్ అనే రసాయనవేత్త తేల్చాడు. మరుసటి ఏడాది కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ అనే ఫ్లోరైడ్ ఖనిజంతో పనిచేసే కార్మికుల ఎముకల్లో దాని జాడ ఎక్స్‌రేలో కనబడింది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లా ఫ్లోరైడ్ రోగుల గురించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. అప్పటికి కనిగిరి తాలూకా నెల్లూరులోనే ఉండేది. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో. షార్ట్ బృందం చెప్పిన వరుస గమనించండి: ముందు పళ్ల మీద గార, ముప్పై దాటాక ఒళ్లంతా, కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, ఆ తర్వాతే నడుము, మెడ బిగుసుకోవడం. అంటే నరం మొర మొదటి నివేదికలోనే ఉంది. అయినా సర్వేలు బడిపిల్లల పళ్లు లెక్కపెట్టడంతోనే మొదలయ్యాయి. 1955లో నల్గొండ గురించి సిద్దిఖీ, 1961లో పంజాబ్ గురించి సింగ్, జాలీ, బన్సల్ రాశాకే నరాల సంగతి వైద్యుల చెవికెక్కింది. హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దాన్ని దశాబ్దాల పాటు పట్టుకుని పనిచేశారు.

ఒకే బోరు నీళ్లు తాగిన ఇంట్లో ఒకరికే చేయి ఎందుకు పడిపోతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఎండలో కూలిపని చేసేవాడు ఎక్కువ నీళ్లు తాగుతాడు. తిండిలో కాల్షియం తక్కువైతే, మూత్రపిండాలు దెబ్బతింటే విషం మరింత నిలుస్తుంది. వీటికి తోడు పుట్టుకతో వచ్చే తేడా ఒకటుంది. మెడలో వెన్నుపాము కాలువ ముందునుంచి వెనక్కి సగటున 17 మిల్లీమీటర్లు. 13కు తగ్గితే ఇరుకు కిందే లెక్క. ఫ్లోరైడ్‌తో ఎముక మందమై, స్నాయువులు గట్టిపడి ఎముకలా మారుతుంటే, వెడల్పు కాలువ ఉన్నవాడికి కొంత చోటు మిగులుతుంది, ఇరుకు కాలువవాడికి మిగలదు. నీరు ఒకటే అయినా మెడలు ఒకటి కావు.

కుష్ఠు, చక్కెర జబ్బు, జబ్బ ఎముక విరగడం, తప్పు చోట గుచ్చిన సూది కూడా చేయి పడేస్తాయన్న మాట నిజమే. అయితే కుష్ఠులో మోచేతి దగ్గర నరం లావై చేతికి తగులుతుంది, చర్మం మీద స్పర్శ లేని మచ్చలుంటాయి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ జబ్బు) ఉన్న మనిషి పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతాడు. గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనక్కి పెట్టమనండి, మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోమనండి: ఖర్చు లేని పరీక్షలివి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ పొర గట్టిపడి కనిపిస్తే అనుమానం చాలావరకు తీరుతుంది.

శస్త్రచికిత్స ఉంది కదా అనడం తేలిక. దంతంలా బిగిసిన ఎముకను నలిగిన వెన్నుపాము పక్కనే తొలచడం కష్టం, ఫలితమూ అంతంతే. అందుకే తాగే నీటి దగ్గరే జాగ్రత్త పడాలి. కాచితే ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదన్నది మన ప్రమాణం, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి ఈ మండలాల్లో జబ్బ నొప్పితో వచ్చిన ప్రతి మనిషిని వైద్యులు మెడ వంచమనాలి, ఏ బోరు నీళ్లు తాగుతున్నాడో అడగాలి, ఆ నీటిని పరీక్షకు పంపాలి.