పక్క పరిచిన తల్లి

టపాకాయ పేలితేనే చెవులు మూసుకునే నాకు, తుపాకులు తప్ప మరొకటి మోగని పాత అమెరికన్ గ్యాంగ్‌స్టర్ సినిమాలంటే ఎందుకంత ఇష్టమో మావారికి అంతుపట్టదు. "ఆ రౌడీల గోల నీకెందుకోయ్?" అంటారు. నేను చూసేది రౌడీలను కాదు, వాళ్ల ఇళ్లను అంటాను.

అమెరికాలో మద్యనిషేధం 1920 జనవరి నుంచి 1933 డిసెంబరు దాకా నడిచింది. తాగుడు కొంపలు కూలుస్తోందని దశాబ్దాలపాటు పోరాడిన వాళ్లలో ఆడవాళ్లే ముందున్నారు. 1992లో దూబగుంట అక్కచెల్లెళ్లు సారా మీద కొంగు బిగించడం తెలిసిన మనకు ఆ బాధ వేరే చెప్పాలా?

చట్టమైతే వచ్చింది గానీ దాహం పోలేదు. దొంగచాటు సరుకుతో చికాగోలో అల్ కపోన్ లాంటివాళ్లు కోట్లకు పడగలెత్తారు. 1931లో అతగాడికి 11 ఏళ్ల శిక్ష పడింది హత్యలకు కాదండోయ్, ఆదాయపు పన్ను ఎగ్గొట్టినందుకు! పిల్లలకు చట్టమంటే లెక్కలేకుండా పోతోందని 1929లో పాలీన్ సేబిన్ అనే ఆవిడ ఆడవాళ్లనే కూడగట్టి, నిషేధం ఎత్తేయమంది. అడిగిందీ తల్లులే, వద్దన్నదీ తల్లులే.

ఆ రోజుల్లోనే 'లిటిల్ సీజర్', 'ది పబ్లిక్ ఎనిమీ', 'స్కార్‌ఫేస్' వచ్చాయి. ఉద్యోగాలు ఊడి జనం అల్లాడుతున్న కాలం. ఏమీ లేనివాడు కొత్త సూటు, కారు సంపాదిస్తుంటే ఎవరికి ముచ్చటెయ్యదు? తర్వాత 1934లో సెన్సారు బిగిసింది. మరుసటి ఏడే 'జీ మెన్'లో జేమ్స్ కాగ్నీ పోలీసుల పక్షాన తుపాకీ పట్టాడు.

నన్ను వదలనిది మాత్రం 1931 నాటి 'పబ్లిక్ ఎనిమీ'. అందులో కాగ్నీ దొంగ బీరు ముఠావాడు. యుద్ధం నుంచి వచ్చిన అన్నకు ఆ డబ్బంటే అసహ్యం. భోజనాల బల్ల మీద బీరు పీపా, దానికి అటూ ఇటూ అన్నదమ్ములు, మధ్యన నలిగిపోయే తల్లి. ఎవరినీ వదులుకోలేదు, చిన్నవాణ్ణి గట్టిగా నిలదీయనూలేదు.

ఆఖర్న చిన్నకొడుకు ఇంటికొస్తున్నాడని కబురందుతుంది. ఆవిడ సంబరంగా మేడమీద పక్క సర్దుతుంది. కింద అన్న తలుపు తీస్తాడు. కట్టిపడేసిన శవం గడపలో కూలుతుంది. పైన ఆ తల్లికింకా తెలియదు. సినిమా అక్కడే అయిపోతుంది.

ఆవిడ ఏడుపు మనకు చూపించరు. అందుకే కాబోలు, చూసిన ప్రతిసారీ ఆ మేడమెట్లు దిగి రావలసింది నేనే అనిపిస్తుంది. పిల్లాడు ఖరీదైన వస్తువేదో తెచ్చి చేతిలో పెడితే, మురిసిపోయే ముందు "ఇదెక్కడిదిరా?" అని మనలో ఎంతమందిమి అడుగుతాం, చెప్పండి?